నిమ్మళం నీళ్లకు భయపడమన్న సారు

మా సోషల్ సారు చనిపోయారని విన్నప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "అమ్మయ్య". ఈ సంగతి దాచిపెట్టి సారు గురించి నాలుగు మంచిమాటలు రాస్తే అది అబద్ధమవుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి.

ఆ రోజు పొద్దున తొమ్మిది దాటింది. మెదక్ బస్టాండు వెనక సందులో నా టైలరింగ్ షాపు షట్టరు అప్పుడే ఎత్తాను. మా అమ్మాయి కాలేజీ టూరు మీద సముద్రం దగ్గరికి వెళ్లి అది రెండో రోజు. ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తాను. అవతల ఎవరో మగమనిషి "అక్కా, ఒక చెడ్డ ముచ్చట" అన్నాడు. చేతిలో కత్తెర ఎప్పుడు కింద పడిందో తెలియదు. అతను సారు ఇంటి పక్క కిరాణాకొట్టు ఆయన. "మీ సోషల్ సార్ పోయిండ్రు. పొద్దుగాల చాయ్ తాగి కుర్సీల కూసున్నరు, కూసున్నట్టే పోయిండ్రు" అన్నాడు.

అమ్మయ్య అన్నాను. నా బిడ్డ కాదు. తర్వాత రెండు నిమిషాలకు గానీ పోయింది ఎవరో బుర్రకెక్కలేదు. ఎక్కాక నోరు మూసుకుని ఏడ్చాను. సారు విని ఉంటే కోప్పడేవారు కాదనే నా నమ్మకం, ఎందుకంటే ఆ భయాన్ని నాతో పాటు పాతికేళ్లు మోసిన మనిషి ఆయన ఒక్కరే.

సారుది టేక్మాల్ వైపు ఒక పల్లె. మేము హైస్కూలులో ఉన్నప్పుడు ఆయనకు నలభై ఏళ్లు ఉంటాయేమో. చొక్కా జేబు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. భూగోళం చెప్పే రోజు నల్లబల్ల చాలక పక్క గోడ మీదికి పోయేవారు, సున్నం వేసిన గోడ మీద సుద్దముక్కతో గీస్తే ఏం కనబడుతుందని మేము నవ్వేవాళ్లం. ఎవరు ఏం అడిగినా జవాబు "జర ఆగు" అని మొదలయ్యేది. జర ఆగు అని, కళ్లు మూసుకుని, తర్వాతే చెప్పేవారు. ఒక్కోసారి గంట కొట్టేవరకు ఆగేవాళ్లం.

అలల పాఠం చెప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. "అల ఊకె వచ్చి పోదు. వచ్చినప్పుడు ఇసుక తెస్తది, పోయినప్పుడు కొంత గుంజుకపోతది. అడ్డంగ వచ్చే అలైతే ఇసుకను ఈడికెల్లి ఆడిదాంక నడిపిస్తది. గట్టిరాయిని సుత కోస్తది. బీచ్ అంటే ఎవరో పోసిపెట్టిన ఇసుక కాదు, రోజు కట్టుడు, రోజు కూల్చుడు" అన్నారు. వెనక బెంచీ నుంచి ఎవరో "సార్, మీరు సూసిండ్రా?" అని అడిగారు. సారు జర ఆగి, "లేదురా, నేను సుత సూడలే" అన్నారు. క్లాసంతా నవ్వింది, సారు కూడా నవ్వారు. ఆ నవ్వులోంచే ఎక్స్‌కర్షన్ పుట్టింది.

పదో తరగతి వాళ్లం ఒక బస్సు నిండా బయలుదేరాం. చేగుంట దాటేదాకా పాటలు, ఆ తర్వాత వాంతులు. మర్నాడు పొద్దున కోస్తాలో ఒక ఊరి బీచ్‌కు చేరాం. ముందు చప్పుడు వినబడింది, ఆ తర్వాతే నీళ్లు కనబడ్డాయి. సారు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. పాఠం చెప్తారేమోనని చూశాం, ఆయన మా సంగతే మరిచి అలలనే చూస్తున్నారు.

మాకు తెలిసిన నీళ్లంటే ఊరి చెరువులు, మంజీర ఏరు. ఏడుపాయల జాతరకు ప్రతి ఏడూ మా ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లం. స్నానానికి దిగేముందు మా అమ్మ నా రెక్క పట్టుకుని ఒకటే చెప్పేది: "సప్పుడు జేసే కాడికి పోకు, బండల నడుమ గుంజుతది. నిమ్మళంగున్న కాడ సూస్కోని మునుగు." మెదక్ చుట్టుపక్కల ఏ తల్లినడిగినా ఇదే చెబుతుంది. ఏటి దగ్గర అది నిజం కూడా.

సముద్రంలో ఎక్కడ చూసినా అలలు తెల్లగా విరిగి పడుతున్నాయి. సారు పిల్లలను ఎక్కడ దింపాలో తేల్చుకోలేక అటూ ఇటూ తిరుగుతున్నారు. కొంచెం పక్కన, ఒక బస్సు పట్టేంత వెడల్పున, అలలు విరగని చోటు ఒకటి కనబడింది. నీళ్లు నల్లగా, చెరువులాగా ఉన్నాయి. నేనే ఉరికి వెళ్లి చూపించాను. "సార్, ఈడ నిమ్మళంగున్నయి! ఈడ దిగుదాం!" సారు చూశారు. ఆయనదీ మంజీర నీళ్లు తాగిన బుర్రే కదా. "అవునే, గీడనే మంచిగున్నది. దిగుండ్రి, మోకాళ్ల దాంకనే" అన్నారు.

నేను అందరికన్నా ముందు దిగాను. మోకాలు దాటాక ఒక్క అడుగు వేశాను. కాళ్ల కింద ఇసుక లేదు. నీళ్లు నన్ను ముంచలేదు, కొట్టలేదు. చప్పుడు లేకుండా తీసుకుపోవడం మొదలుపెట్టాయి. ఒడ్డు మీద నా చెప్పులు కనబడుతున్నాయి, అవి చిన్నవవుతున్నాయి. చేతులు కొట్టుకున్నాను, ఎంత కొట్టుకుంటే అంత వెనక్కి పోతున్నాను. నోట్లో ఉప్పు. అరిస్తే గొంతులోకి నీళ్లు. చనిపోతున్నానని అర్థం కావడానికి పెద్దతనం అక్కర్లేదు, పదిహేనేళ్లకే అర్థమైంది.

ఈత రాని సారు ప్యాంటు, చొక్కాతో నీళ్లలోకి వచ్చేశారు. గొంతుదాకా మునిగి నా వైపే చూస్తున్నారు. ఆ ముఖం నేను మరిచిపోను. పిల్లలను దండించే పెద్దమనిషి ముఖం కాదది, దారి తప్పిన పిల్లవాడి ముఖం. ఇంకో అడుగు వేస్తే ఆయనా పోయేవారు. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న జాలరి ఒకాయన ఎప్పుడు దూకాడో, నా జుట్టు పట్టుకున్నాడు. ఒడ్డు వైపు ఈదలేదు. నన్ను పక్కకు, అలలు తెల్లగా విరుగుతున్న వైపు లాక్కుపోయాడు. అక్కడ కాళ్లకు నేల తగిలింది. ఒక అల వెనక నుంచి తోసి ఒడ్డున పడేసింది.

ఆయన సారును కూడా బయటికి లాగి ఇసుకలో కూర్చోబెట్టి, "ఏంది మాస్టారూ, నెమ్మదిగా ఉందని ఆడ దింపారా పిల్లల్ని? అలలు తోసిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోయే దారి అదేనయ్యా. అలలు విరిగే కాడ కింద ఇసుక దిబ్బ ఉంటది, ఇరగని కాడ గండి ఉంటది" అన్నాడు. సారు తల ఊపుతూ ఉన్నారు.

మెదక్ తిరిగి వచ్చాక బడిలో పంచాయితీ అయింది. మా నాన్న హెడ్మాస్టరు గదిలో బల్ల మీద గుద్ది, "సదువుకున్నోనివేనా నువ్వు? పొల్లను సంపుదామని తీస్కపోయినవా?" అని అరిచాడు. సారు నిలబడే, "తప్పు నాదే. నీళ్లు నేనే సూశిన, దిగుమన్నది నేనే" అన్నారు. నేను వరండా స్తంభం వెనక ఉన్నాను. ఆ చోటు చూపించింది నేనని చెప్పడానికి నాలుగడుగులు వేస్తే చాలు. వేయలేదు. నాన్న తిడతాడని భయం. అప్పటి నుంచి ఆ మాట నా లోపలే ఉండిపోయింది.

ఇంకొకరైతే సముద్రం పేరెత్తడం మానేసేవారు. సారు ఎండకాలం సెలవులు రాగానే ఒక్కరే బస్సెక్కి ఆ ఊరికి వెళ్లారు. ఆ జాలరి పక్కన వారం రోజులు కూర్చుని వచ్చారు. మరుసటేడు మళ్లీ వెళ్లారు. రిటైరయ్యాక కూడా, మోకాళ్లు మొరాయించేదాకా వెళ్తూనే ఉన్నారు. ఒక్కసారి కూడా నీళ్లలో దిగలేదట, చూసి వచ్చేవారు. "పోయినేడు నేను కూసున్న దిబ్బ ఈయేడు లేదు" అని చెప్పేవారు. "తుపానొచ్చి ఊడ్సుకపోయింది. గండి గూడ ఇంకో కాడికి జరిగింది. మాపటికి ఒక తీరుగుంటది, తెల్లారి ఒక తీరు. బోర్డు పాతుదమంటే ఏడ పాతుతవ్? ఎవనికి వాడు సూస్కోవాల్సిందే."

ఊళ్లో ఆయన వేధింపులు మొదలయ్యాయి. మెదక్ నుంచి ఏ బస్సు సముద్రం వైపు బయలుదేరినా, అది పెళ్లివారిదైనా, తీర్థయాత్రదైనా సరే, చర్చి రోడ్డు మలుపులో సారు నిలబడి ఉండేవారు. బస్సెక్కి, డ్రైవరు పక్కన నిలబడి పాఠం చెప్పేవారు. "ఒడ్డుకు పోంగనే దిగకుండ్రి. అరగంట కూసోని సూడుండ్రి. తెల్లగ ఇరిగే కాడ లోతు తక్కువ, ఇరగని కాడ గండి. మోకాలు దాటొద్దు. గుంజితే ఒడ్డుకు కొట్టుకోకుండ్రి, చెయ్యెత్తి కేకలేసుకుంట పక్కకు పోండ్రి." వెనక నుంచి ఎవరో, "సార్, మన మెదక్‌కు సముద్రం ఎప్పుడొస్తది?" అని అరిచేవాడు, బస్సంతా పకపకలు. సారు కూడా నవ్వి, "అది రాదు బిడ్డా, మనమే పోతం గదా" అని దిగిపోయేవారు. ఆయన దూరంగా కనబడితే "సారొస్తుండు, జల్ది తియ్యి" అని బస్సు ఉరికించిన డ్రైవర్లు కూడా ఉన్నారు. అలాంటప్పుడు సారు రోడ్డు మీద బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి, వాళ్లు తిరిగి వచ్చిన కబురు తెలిసేవరకు ఇంట్లో సరిగా తినేవారు కాదని ఆయన భార్య చెప్పేది. ఆమెను నేను పెద్దమ్మ అంటాను.

నేను ఆ తర్వాత ఏ నీళ్లకూ దగ్గరగా పోలేదు. ఏడుపాయలకు వెళ్తే గట్టు మీద నుంచే చెంబుతో నీళ్లు పోసుకుంటాను. తల మీద నుంచి నీళ్లు పడితే ఇప్పటికీ కళ్లు తెరిచే ఉంచుతాను, సబ్బు మండినా సరే. నాకు బిడ్డ పుట్టాక ఆ భయానికి ఇంకో ప్రాణం దొరికింది. మూడేళ్ల పిల్లను బకెట్ దగ్గర ఒంటరిగా వదిలేదాన్ని కాదు. అందరూ నవ్వారు, నవ్వనీ.

ఈ ఏడు మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం. కాలేజీలో టూరు అన్నారు, సముద్రం అన్నారు. నేను వద్దన్నాను. అది రెండు రోజులు అన్నం మానేసింది. "అందరు పోతుండ్రమ్మా. నన్ను జిందగంత గిట్లనే దాసిపెడ్తవా?" అని ఏడ్చింది. నాకు ఒక ఉపాయం తోచింది. సారు దగ్గరికి తీసుకుపోతే, అంతకన్నా భయపడే మనిషి ఈ ఊళ్లో లేడు కదా, ఆయనే వద్దంటారు అనుకున్నాను.

సారు వసారాలో కుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. అంతా విని, జర ఆగి, "పంపు" అన్నారు.

నేను నమ్మలేకపోయాను. "సార్, మీరేనా గీ మాట చెప్పేది? నన్ను సూసి గూడ పంపమంటుండ్రా?"

"నిన్ను సూసే చెప్తున్న. ఈ ఏడు నువ్వు ఆపుతవ్. రేపు దాని మొగనితోని పోతది, ఎల్లుండి దోస్తులతోని పోతది. ఏమెరుగకుంట పోతది. నేర్పి పంపు." లోపలున్న పెద్దమ్మకు వినబడేలా, "ఓ తాంబాళం తే" అన్నారు.

పెద్దమ్మ పెళ్లినాటి పెద్ద ఇత్తడి తాంబాళం తెచ్చింది. మూలన సంచిలో మంజీర ఇసుక ఉంది. సారు ఇసుకను ఒకవైపు ఏటవాలుగా పేర్చారు, నీళ్లు పోయించారు. దానికి అడ్డంగా నీళ్లలో వేళ్లతో ఒక సన్నటి ఇసుక గట్టు కట్టి, మధ్యలో బొటనవేలితో తెంపారు. పాత చెక్కస్కేలుతో రెండో వైపు నుంచి నీళ్లను నెమ్మదిగా తోయడం మొదలుపెట్టారు. చిన్న చిన్న అలలు గట్టు మీద విరిగి ఇవతలికి వచ్చాయి. సారు గుప్పెడు మరమరాలు ఒడ్డు పక్కన చల్లారు. అవి కాసేపు అక్కడక్కడే తిరిగి, ఒక్కొక్కటిగా ఆ తెగిన చోటికి చేరి, దాంట్లోంచి గబగబా లోపలికి వెళ్లిపోయాయి. గట్టు మీద అలలున్నాయి. తెగిన చోట నీళ్లు అద్దంలా ఉన్నాయి. మరమరాలన్నీ పోయేదాకా చూడలేకపోయాను. లేచి వాకిట్లోకి వెళ్లాను.

మా అమ్మాయి మాత్రం తాంబాళం మీదికి వంగిపోయింది. "ఇంకోసారి చూపెట్టుండ్రి సార్" అంది. సారు పదిసార్లు చూపించారు. ప్రతిసారీ గండి వేరే చోట తెంపి, "ఇప్పుడు యాడున్నది చెప్పు?" అని అడిగారు. మొదటి మూడుసార్లు తప్పు చెప్పింది. ఆ తర్వాత తప్పు చెప్పలేదు.

పిల్ల చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లినప్పుడు నేను సారు కాళ్ల దగ్గర కూర్చున్నాను. పాతికేళ్ల మాట బయటికి వచ్చేసింది. "సార్, ఆ రోజు ఆ జాగ చూపెట్టింది నేను. మా నాయిన మిమ్మల్ని అన్ని మాటలంటుంటే స్తంభం ఎనకాల నిలబడ్డ."

సారు నన్ను వింతగా చూశారు. "నాకెర్క లేదా? పదిహేనేండ్ల పొల్ల చెప్పింది, నలభై ఏండ్లోన్ని నేను ఇన్న. తప్పెవనిది? సప్పుడు జెయ్యక లే, మోకాళ్లు నొస్తయి" అన్నారు. నేను లేవలేదు. "మీకు ఆ నీళ్ల భయం, ఆ బుగులు పోయిందా సార్?" అని అడిగాను. "పోలే బిడ్డా. పోనియ్యలే" అన్నారు. నేను విన్న ఆయన చివరి మాటలు అవే. నేను సారుకు ఎప్పటికీ రుణపడి ఉండేది నా ప్రాణం కోసం కాదు, అది జాలరి పెట్టిన భిక్ష. సారుకు నేను రుణపడింది ఆ వసారాలో నా గుండె బరువు దించినందుకు.

అమ్మాయి బస్సెక్కిన రోజు నుంచి నేను మనిషిని కాదు. జాకెట్లకు హుక్కులు తప్పు వైపు కుట్టి మళ్లీ విప్పాను. ఫోన్ జాకెట్లోనే పెట్టుకున్నాను. రెండో రోజు పొద్దున వచ్చిన ఫోన్ సంగతి మొదటే చెప్పాను.

షాపు మూసి సారు ఇంటికి వెళ్లాను. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పలేదు. ఏడుపు కళ్లతో అది నీళ్ల దగ్గర నిలబడటం నాకు ఇష్టం లేదు. జనం బాగా వచ్చారు. ఆయనను చూసి బస్సు ఉరికించిన డ్రైవరొకడు పాడె మోశాడు. మధ్యాహ్నం మగవాళ్లు వెళ్లిపోయాక ఇల్లు కడిగి, ఆడవాళ్లం పెద్దమ్మ చుట్టూ కూర్చున్నాం. అప్పుడు ఫోన్ కుయ్యిమంది. అమ్మాయి వీడియో పంపింది. కింద "సార్‌కు చూపెట్టమ్మా" అని ఉంది.

నేను ఫోన్ బోర్లించాను. పెద్దమ్మ చూసింది. "ఏంది బిడ్డా?" అంది. చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "పెట్టు. ఆయినె లేకపోతే నేను సూస్త" అంది.

ఎవరో స్నేహితురాలు తీసినట్టుంది. గాలి హోరులో మాటలు సరిగా వినబడవు. ఆడపిల్లలందరూ ఇసుకలో వరసగా కూర్చుని ఉన్నారు, మూతులు ముడుచుకుని. "ఇంకెంత సేపే?" అని ఒకతి గొణిగింది. "అరగంట కాలే" అని మా అమ్మాయి గొంతు. కెమెరా పక్కకు తిరిగింది. తెల్లటి అలల నడుమ నల్లటి నీళ్లు, నిమ్మళంగా. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఎవరో కొత్త జంట, చేయీ చేయీ పట్టుకుని, నవ్వుకుంటూ, నేరుగా ఆ నల్లనీళ్ల వైపు నడుస్తున్నారు. మా అమ్మాయి లేచి ఉరికింది. నా బిడ్డ నీళ్ల వైపు ఉరుకుతుంటే నేను ఫోన్లోకి "వద్దే" అని అరిచాను. అది నీళ్ల అంచున ఆగింది. ఆ పెళ్లికొడుకు చేయి పట్టుకుని ఆపి ఏదో చెబుతోంది. చేయి చూపిస్తోంది. అతను నవ్వాడు. అది నవ్వలేదు. పక్కకు తిరిగినప్పుడు ముఖం కనబడింది. గొంతుదాకా నీళ్లలో నిలబడిన రోజు సారు ముఖంలో నేను చూసిన భయమే. అతను మళ్లీ సముద్రం వైపు చూశాడు, చాలాసేపు. భార్య చేయి పట్టుకుని వెనక్కి వచ్చాడు.

మా అమ్మాయి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ గండికి ఎదురుగా, మడమతో ఇసుకలో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత గీసింది. అల వచ్చి చెరిపేసింది. ఒక అడుగు వెనక్కి జరిగి మళ్లీ గీసింది. అదీ చెరిగింది. ప్యాంటు మోకాళ్లదాకా తడిసి, జుట్టు ముఖం మీద పడుతుంటే తోసుకుంటూ, తల వంచుకుని మళ్లీ గీయడం మొదలుపెట్టింది.